గట్టిపడక ముందు

రోహిణి కార్తె. ఏనికేపాడు ప్లాంటులో
కంకర కుప్ప మీద తడి గోనెలు కప్పినా
రాయి పొగలు కక్కుతోంది.

ఇక్కడ నా ఉద్యోగం ఆపడం.
నీళ్ళు తగిలిన క్షణం నుంచీ సిమెంటు
రాయైపోవాలని తొందరపడుతుంది.
దాన్ని ఒక రెండు గంటలు
బతిమాలి ఉంచాలి.

అందుకు నీలం పీపాలో ఒక మందుంది,
రిటార్డరంటాం. బెల్లప్పాకం రంగు,
తడిసిన చెక్క వాసన.
బస్తాకి ఇన్ని మిల్లీలీటర్లని నేనే కొలుస్తాను.
ఎక్కువైతే స్లాబు రోజుల తరబడి పిండిలా పడుంటుంది.
తక్కువైతే లారీ డ్రమ్ములోనే కొండ.

పన్నెండుంబావుకి కరీముల్లా ఫోను:
"మేడం, వారధి మీద ఆగిపోయా.
ముందు గడ్డి లారీ బోల్తా పడింది.
మా బొజ్జ బరువెక్కుతోంది."
డ్రమ్ముని బొజ్జ అంటాడు.
ఆరు క్యూబిక్ మీటర్లు.
కుంచనపల్లిలో ఎవరిదో మూడో అంతస్తు
కృష్ణ మీద, ఎండలో, గిరగిరా తిరుగుతోంది.

కలిపి గంటా యాభై నిమిషాలు.
కాగితం మీద నా మందు ఇంకా పనిచేస్తూనే ఉంది.
కాగితానికి చెమట పట్టదు.

"పంచదార దొరుకుతుందా?" అన్నాను.
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
పాత డ్రైవర్లకి తెలుసు,
తీపి తగిలితే సిమెంటు తన దారి మర్చిపోతుందని.
ఎందుకో నేను పుస్తకంలో చదివాను:
చక్కెర వెళ్ళి గింజగింజకీ అడ్డం కూర్చుంటుందట
నీళ్ళని లోపలికి రానివ్వకుండా,
పెళ్ళింటి గుమ్మంలో అలిగిన మేనత్తలా.

వారధి దిగువన నాంచారమ్మ టీ బండి.
సాయంత్రం దాకా సరిపడా తెచ్చుకున్న నాలుగు కిలోలు
ఇవ్వనంది.
"ఇచ్చేసి నేనేం కాచను, వేణ్ణీళ్ళా?"
ఇతను వెనక్కి చెయ్యి చూపించాడట,
వంతెన మీద తిరుగుతున్న బొజ్జ వైపు.
పోయినేడు ఇలాగే గడ్డకట్టిన డ్రమ్ములోకి దిగి
మూడు రోజులు ఉలితో కొట్టిన పలాస కుర్రాళ్ళ సంగతి చెప్పాడో ఏమో,
మొత్తం మీద ఇచ్చింది.

క్లీనరు నిచ్చెనెక్కి పోశాడు.
సంచి అంచున మిగిలిన నాలుగు పలుకులు
కరీముల్లా వేలికద్దుకుని
నోటి దాకా తెచ్చి, దులిపేసుకున్నాడు.
ఆయనకి షుగరుంది.
పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర,
ఒంట్లో ఏదో పరుగుని మెల్లగా నడిపించేవి.
"నాకేమో తీపిని ఆపే మందు,
బండికేమో తీపే మందు.
ఏం చదువులమ్మా మీవి" అన్నాడు తర్వాత.

మూడింటికి దారి వదిలారు.
సైటు ఇంజినీరు లోడు వద్దన్నాడు. నేనైనా వద్దంటాను.
తిరిగొచ్చి ప్లాంటు వెనక గుమ్మరించాం.
డ్రమ్ము బతికింది.

మర్నాడు కరీముల్లా నాంచారమ్మకి ఐదు కిలోలిస్తే
తూచి, కిలో వెనక్కిచ్చిందట.

ఆ కుప్ప నాలుగు రోజులు మెత్తగానే ఉంది.
చీమలు చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి.
వాచ్‌మన్ కుక్క దాని మీద నడిచింది.
అలవాటు కొద్దీ నేను మూడు దిమ్మలు పోసి పెట్టాను.
మామూలుగా మర్నాడే అచ్చు విప్పుతాం,
ఇవి ఐదో రోజుక్కూడా వేలికి అంటాయి.

ఇరవై ఎనిమిదో రోజు
ముక్కలు ఎత్తడానికి చీపురు దగ్గర పెట్టుకుని
మిషను కింద పెట్టాను.
ముల్లు కదిలింది. మామూలు దిమ్మలు పగిలే గీత దాటింది.
ఇంకా పోతోంది.
చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

లోడు తిరస్కరించబడినది అని
రిజిస్టర్లో ముందే రాసేసి ఉంది.

కుప్పని తీయించబోతే జేసీబీ పన్ను విరిగింది.
వదిలేశారు.
ఇప్పుడు మధ్యాహ్నాలు కరీముల్లా
కుక్క అడుగుల పక్కన తువ్వాలు పరిచి
క్యారియర్ విప్పుతాడు.
అన్నం తిన్నాక
చప్పిడి టీ ఊదుకుంటూ తాగుతాడు,
నాలుగు కిలోల పంచదార మీద కూర్చుని.